పద్నాలుగో అంశం: ఇత్తడి బిందె

విడిపోతున్న ఒక జంటకు ఆ రోజు డబ్బు సంగతి ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. 12 లక్షలు, మూడు విడతలు. పిల్లవాడి సంగతి అంతకు ముందు కూర్చున్నప్పుడే ఒక దారికి వచ్చింది. ఇక రాజీపత్రం రాయడమే మిగిలిందనుకుని నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటే ఆ అమ్మాయి తల ఎత్తకుండా, "మా నాయనమ్మ బిందె కూడా రాయండి మేడమ్" అంది. ఆ తరువాత గంటన్నర సేపు ఆ గదిలో ఇత్తడి బిందె గురించి తప్ప మరో మాట లేదు.

బిందె మూతి చుట్టూ నాయనమ్మ పేరు కొట్టించి ఉందట. పెళ్లి సామానుతో పాటు వచ్చింది. తొమ్మిదేళ్లుగా అత్తగారి వంటింట్లో మంచినీళ్లకు అదే. "దానికన్నా పెద్దది కొనిస్తాను, రేపే కొనిస్తాను" అన్నాడు అబ్బాయి. "పెద్దది నాకెందుకు?" అంది ఆమె. అంతే, చెరో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. 12 లక్షల దగ్గర రాని మొండితనం, నాలుగు కిలోలైనా తూగని బిందె దగ్గర వచ్చింది.

నేను నల్లగొండలో ఇరవై మూడేళ్లుగా వకీలుగా ఉన్నాను. కోర్టు పంపే భార్యాభర్తల తగాదాల్లో ఇప్పుడు మధ్యవర్తిగా కూడా కూర్చుంటున్నాను. మొదటి పదిహేడేళ్లలో అయితే "ఒక బిందె కోసం ఆగుతావా అమ్మా?" అని తప్పకుండా అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేస్తాను. అలా మింగడం నాకు ఎలా అలవాటయిందో చెప్పి, మళ్లీ బిందె దగ్గరికి వస్తాను.

ముందుగా ఒక సంగతి. మధ్యవర్తి ముందు మాట్లాడుకున్న మాటలు గది దాటకూడదు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం చెప్పేదీ అదే, అంతకు ముందు నుంచి కోర్టుల్లో ఉన్న నియమాలు చెప్పేదీ అదే. రాజీ కుదరకపోతే జడ్జిగారికి మేము పంపేది "కుదరలేదు" అన్న ముక్క మాత్రమే. ఎవరు ఏమన్నారో, ఎవరు మొండికేశారో రాయము. అందుచేత ఇక్కడ ఊళ్లు, వరసలు, అంకెలు కలిపేసి, మార్చేసి రాస్తున్నాను. ఆ బిందె కూడా నిజానికి బిందె కాకపోవచ్చు.

మా వైపు "మధ్యవర్తి" అంటే జనానికి మొదట గుర్తుకు వచ్చేది పెళ్లి కుదిర్చిన మనిషి. ఆ తరువాత పంచాయితీ పెద్దమనిషి. కోర్టు పంపిస్తే మా దగ్గరికి వచ్చిన వాళ్లు కూడా కూర్చోగానే, "మీరే ఏదో ఒకటి చెప్పండి మేడమ్, మీరు ఎట్లా చెబితే అట్లా" అంటారు. కొత్తలో నాకది మర్యాదలా వినిపించేది. తరువాత అర్థమైంది: ఆ మాట అన్నవాళ్లు తీర్పు తమవైపే వస్తుందని లెక్క వేసుకుని అంటున్నారు. అటు తిరిగితే మొదటగా లేచి వెళ్లేది వాళ్లే.

ఊరి పంచాయితీని నేను తీసిపారేయను. రెండు వైపులా ధరావతు పెట్టించుకుని, రాత్రి పదింటిదాకా కూర్చుని, ఎవరి మాటలో ఎంత అబద్ధం ఉందో చిటికెలో పట్టేసే పెద్దమనుషులను చూశాను. అంత సూక్ష్మం మాకు లేదు. కాకపోతే అక్కడ ఆడపిల్ల మాట ఆడపిల్ల చెప్పదు, తండ్రో మేనమామో చెబుతాడు. ఆమె ఎక్కడో గోడ వెనక ఉంటుంది. ఇక రెండో చిక్కు, చివర రాసే కాగితం.

దేవరకొండ వైపు నుంచి ఒకామె వంద రూపాయల బాండు పేపరు పట్టుకుని వచ్చింది. అందులో ఇద్దరి వేలిముద్రలు, అయిదుగురు సాక్షుల సంతకాలు, "నేటి నుంచి ఒకరికొకరికి ఎట్టి సంబంధమూ లేదు" అన్న వాక్యం. విడాకులు అయిపోయాయనే ఆమె నమ్మకం. భర్త నమ్మకమూ అదే, మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాడు. ఆమె అడిగేది రెండో విడత డబ్బు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద విడాకులు ఇవ్వవలసింది కోర్టు. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును 29వ సెక్షన్ కాపాడింది గాని, ఆ కులంలో అటువంటి ఆచారం ఉన్నదని నిరూపించాలి. షెడ్యూల్డు తెగలకైతే, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టమే వర్తించదు. దేవరకొండ చుట్టూ లంబాడా తండాలు ఎన్ని ఉన్నాయో అటు తిరిగినవాళ్లకు తెలుసు. కాబట్టి అటు నుంచి ఫైలు వస్తే, గొడవ ఎందుకని అడిగే ముందు, మీలో పెళ్లి ఎట్లా చేస్తారు, విడిపోవడం ఎట్లా అని అడుగుతాను. ఈమె తండా మనిషి కాదు. వాళ్లలో అటువంటి ఆచారమూ తేలలేదు. అంటే బాండు పేపరు చెల్లదు, అతని రెండో పెళ్లీ చెల్లదు. ఆ రెండో ఆమె బయట బెంచీ మీద చంటిబిడ్డతో కూర్చుని ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పవలసిన పని ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫైళ్లు మా దగ్గరికి వచ్చే దారి ఇది. భార్యాభర్తల కేసుల్లో ముందు సామరస్యానికి ప్రయత్నించమని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టమే చెబుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులో 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. భర్త, అత్తింటివాళ్లు వేధించారని పెట్టే 498ఎ ఫిర్యాదుల్లో కూడా రాజీకి చోటు కనిపిస్తే మధ్యవర్తి దగ్గరికి పంపమంది, తప్పు చేసినవాడు దీన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోకుండా చూడమని కూడా అంది. మా బల్ల మీదికి వచ్చేసరికి మామూలుగా ఒక్కో జంటకు నాలుగైదు కేసులు ఉంటాయి. ఆమె వేసిన భరణం, గృహహింస, 498. అతను వేసిన విడాకులు, లేదా కాపురానికి రప్పించమన్న కేసు. విడాకులు కావాలనుకునేవాడు కాపురానికి రమ్మని ఎందుకు కేసు వేశాడని అడిగితే, "వకీలు సారు వేయమన్నారు" అంటాడు. ఆ వకీలు సారు ఒకప్పుడు నేనే.

మధ్యవర్తి కావాలంటే 40 గంటల శిక్షణ ఉంటుంది. అందులో మాచేత నాటకాలు వేయిస్తారు. నేను మధ్యవర్తిని, ఇద్దరు తోటి వకీళ్లు భార్యాభర్తలు. పది నిమిషాలు అయ్యాక శిక్షకురాలు ఆపించి, "మీరు ఆమెను క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నారు, గమనించారా?" అంది. నేను గమనించలేదు. ఇంకో రోజు నేను భార్య వేషం. మధ్యవర్తిగా కూర్చున్న ఆయన నా మాట పూర్తి కాకముందే మూడు పరిష్కారాలు చెప్పాడు. మూడూ మంచివే. నాకు మాత్రం బల్ల మీది నీళ్ల సీసా తీసి విసిరేయాలనిపించింది. ఆ 40 గంటల్లో నాకు పనికి వచ్చిన పాఠం ఆ నీళ్ల సీసాయే.

మొదటి వాయిదా నాడు ఉదయం పదిన్నరకు రెండు తుఫాన్ బండ్లు వచ్చి ఆగుతాయి. ఒక్కో దాంట్లో పదిమంది. లోపలికి వచ్చేది ఇద్దరు, అవసరమైతే వాళ్ల వకీళ్లు. మిగిలిన వాళ్లు వేపచెట్టు కింద రెండు గుంపులుగా నిలబడతారు. నిజమైన కష్టం ఆ చెట్టు కింద ఉంటుందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. లోపల అన్నీ కుదిరి, సంతకాలకు తారీఖు వేసుకుని వెళ్లిన వాళ్లు, రాత్రికి ఫోను చేసి "మా మామ ఒప్పుకోవడం లేదు మేడమ్" అనేవారు. సంబంధం చూసింది ఆ మేనమామ. కట్నం లెక్కపెట్టింది ఆయన. పంచాయితీలో మాట పడింది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన్ని ఒకసారి లోపలికి పిలిచి, చాయ్ తెప్పించి, "ఈ సంబంధం మీరే చూశారట కదా పెద్దాయనా" అని అడిగి ఊరుకుంటాను. పావుగంట తన గోడు తాను చెప్పుకుని, "పిల్ల సుఖపడితే చాలు" అని తనంతట తానే లేచి వెళతాడు. అందరూ అలా వెళ్లరు. కొందరు ఆ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుంటారు.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాక ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తాను. విడిగా ఉన్నప్పుడు ఆమెను నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఆ ఇంటికి వెళ్లాలంటే భయమా, కోపమా?" కోపమంటే పని సాగుతుంది. భయమంటే, ఎందుకో వివరంగా తెలిసేదాకా అక్కడే ఆగిపోతాను. అవసరమైతే ఆడవాళ్లకు అండగా ఉండే సఖి కేంద్రం, 181 ఫోను నంబరు, గృహహింస కేసులు చూసే రక్షణాధికారి, ఆ దారి వేరు. బెదిరింపు ఉన్నచోట బల్లకు అటూ ఇటూ కూర్చోబెడితే అది రాజీ అనిపించుకోదు.

ఈ ప్రశ్న నేను మొదటి నుంచీ అడగలేదు. కొత్తలో ఎంతమందిని కలిపానో చిన్న డైరీలో రాసుకునేదాన్ని. ఒక జంటను అలాగే కలిపాను. అమ్మాయి పెద్దగా మాట్లాడలేదు. నేనే రెండు కాపురాలకు సరిపడా మాట్లాడాను. పిల్లల మొహం చూడమన్నాను, సర్దుకుపొమ్మన్నాను. అబ్బాయి చెట్టు కింద అందరి ముందు ఆమె చేతిలో మల్లెపూల పొట్లం పెట్టాడు, నేను చూసి మురిసిపోయాను. నాలుగు నెలలకు ఆమె ఎడమచేతికి కట్టుతో మళ్లీ కనిపించింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది కూడా. "మీరు అంతగా చెప్పారని వెళ్లాను మేడమ్" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. ఆ డైరీ తరువాత రాయలేదు. ఇప్పటికీ కలిసి వెళ్లే జంటలు ఉంటాయి, సంతోషమే. కాని అది వాళ్లు చేసుకునే పని. నేను కుర్చీలు వేస్తాను, అంతవరకే.

ఇక డబ్బు. ఉద్యోగస్థులైతే జీతం చీటీ చెబుతుంది. భరణం అడిగేవాళ్లూ ఇవ్వవలసినవాళ్లూ తమ ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి కొంత సులువైంది. మా జిల్లాలో సగం మందికి జీతం చీటీ ఎక్కడిది? పొలం పాసుపుస్తకం తండ్రి పేరున ఉంటుంది, కొడుకు "నాకేమీ లేదు" అంటాడు. అప్పుడు నేను బత్తాయి తోటలో చెట్లెన్ని, పోయిన కాపు గుత్తకు ఎవరికి ఇచ్చారు, బోరు ఎన్ని అడుగులు, అని అడుగుతాను. చెట్ల లెక్క చెప్పేటప్పుడు రైతు అబద్ధమాడడం నేను ఇంతవరకు చూడలేదు. తన చెట్టును తక్కువ చేసి చెప్పుకోవడానికి మనసు ఒప్పదేమో.

నెలనెలా అయిదో తేదీన ఇన్ని వేలు అని రైతుల చేత సంతకాలు చేయించిన అజ్ఞానం కూడా నాదే. మూడో నెలకే తప్పేవారు, అమలు చేయించమని మళ్లీ కేసు. ఒక అబ్బాయి తండ్రి, ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న మనిషి, ఒకరోజు అన్నాడు: "మాకు నెలలు ఉండవు బిడ్డా, రెండు పంటలు ఉంటాయి." అప్పటి నుంచి యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో అమ్ముడై డబ్బు ఖాతాలో పడేదాకా ఆగి జూన్ పదో తేదీ, వానాకాలం పంటకు జనవరి పదో తేదీ అని రాస్తున్నాను. జూన్‌లో బడి ఫీజు కూడా వస్తుంది, సరిపోతుంది. డబ్బుకు బదులు సాగర్ కాలువ కింద అర ఎకరం రాసిస్తానన్నాడు ఒకతను. ధర కడితే ఆమె అడిగిన దానికన్నా ఎక్కువే. ఆమె వకీలు సంబరపడ్డాడు. ఆమె మాత్రం, "ఆ ఊరి పొలం గట్టు మీద నేను ఎట్లా నడుస్తాను సార్?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

బంగారం దగ్గర మాత్రం జవాబులు ఎక్కువ, అవి ఒకదానితో ఒకటి కలవవు. పెళ్లినాటి ధర కట్టి డబ్బు ఇస్తామని అతని వైపు, బంగారానికి బంగారమే కావాలని ఆమె వైపు. ఇప్పటి ధరలు చూస్తే ఎవరి వాదన ఎందుకో చెప్పనక్కరలేదు. అంతకన్నా తమాషా తులం దగ్గర వస్తుంది. అంగట్లో తులమంటే 10 గ్రాములు. ముసలివాళ్ల లెక్కలో తులమంటే 11.66 గ్రాములు. "ఎనిమిది తులాలు పెట్టాము" అని ఇద్దరు తాతలు ఒకే మాట అంటారు, తూకం దగ్గర 13 గ్రాములు తేడా వస్తుంది. అందుకని రాజీపత్రంలో తులం అన్న మాటే రాయను. గ్రాములు, నగ పేరు, అంతే. పుస్తెలను మాత్రం ఎవరైనా అడిగితే తప్ప జాబితాలో ఎక్కించను. ఎందుకని అడిగితే కారణం చెప్పలేను.

ఒకసారి ఏ నగ ఎవరు పెట్టారో తేలక పెళ్లి ఆల్బం తెప్పించాను. బల్ల మీద మధ్యలో పెట్టి, అటు అతను, ఇటు ఆమె, నేను కాగితం మీద గీతలు పెట్టుకుంటూ. గుండ్ల హారం ఇటువైపుది. నల్లపూసలు అటువైపువి. మాటీలు తేలలేదు. పేజీ తిప్పితే తలంబ్రాల ఫోటో. వెనక కుర్చీలో ఎవరో పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముందు ఆమె నవ్వింది, తరువాత అతను. "అప్పుడు జనరేటరు ఆగింది కదా" అన్నాడు. "ఆగితే లేచి, అయిపోయిందా అని అడిగాడు" అంది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వు బయటికి వినిపించి, కిటికీ దగ్గరికి ఎవరో పెద్దమ్మ వచ్చి, "కలిశారా బిడ్డా?" అని నన్ను అడిగింది.

డైరీ రాసే రోజుల్లో అయితే ఆ నవ్వును పట్టుకుని ఊగేదాన్ని. ఆ రోజు ఏమీ అనలేదు. నవ్వడం అయ్యాక ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని పేజీ తిప్పి, "మాటీలు మా మేనత్త పెట్టింది, ఇదిగో" అని వేలు పెట్టి చూపించింది. అతను చూసి, అవునన్నాడు. ఆ సాయంత్రమే సంతకాలు అయ్యాయి.

పిల్లల సంగతికి వస్తే, "తండ్రి నెలకు రెండుసార్లు చూడవచ్చు" అని రాస్తే ఏమీ రాయనట్టే లెక్క. ఎక్కడ చూడాలి? అతనిది నార్కట్‌పల్లి పక్క, ఆమెది మిర్యాలగూడ. మధ్యలో నల్లగొండ బస్టాండు. రెండో శనివారం, నాలుగో శనివారం ఉదయం పదింటికి ఆమె తమ్ముడు తీసుకొస్తాడు. బస్సు ఆలస్యమైతే పదకొండున్నర దాకా ఆగాలి. ఫోను చేయవలసింది ఎవరు? జ్వరం వస్తే ఎవరి నిర్ణయం? ఇవన్నీ రాయాలి. దసరా సెలవులు మా దగ్గర పెద్ద గండం. ఆడపిల్ల అయితే సద్దుల బతుకమ్మ దాకా తల్లి దగ్గర, దసరా నాటికి తండ్రి దగ్గర, జమ్మి ఆకు పంచడానికి, పాలపిట్టను చూడడానికి. ఇది నేను కనిపెట్టింది కాదు, ఒక తల్లి చెప్పింది. తరువాత ఎన్ని జంటలకు రాశానో. ఒక ఏడేళ్ల పిల్లవాడిని పిలిచి ఈ ఏర్పాటంతా వివరిస్తే, శ్రద్ధగా విని, "సైకిలు బస్సులో ఎక్కనిస్తారా?" అన్నాడు. సైకిళ్లు రెండు ఉండాలని ఒక అంశం చేర్చాము. రెండోది ఎవరు కొనాలన్న దాని మీద ఇంకో అరగంట పట్టింది.

అమెరికా అబ్బాయిల కేసులకు వీడియోలో కూర్చుంటాము, మాకు రాత్రి, వాళ్లకు పొద్దున. అవి తొందరగా తేలతాయి. సామాను కళ్లముందు ఉండదు, మేనమామ తెరలో పట్టడు.

రాజీపత్రం మీద సంతకం పెట్టగానే విడాకులు వచ్చినట్టు చాలామంది అనుకుంటారు. అది కోర్టుకు వెళ్లాలి. పరస్పర అంగీకారంతో విడిపోయే 13బి సెక్షన్ 1976లో చట్టంలోకి వచ్చింది. కనీసం ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలల లోపల మళ్లీ ఇద్దరూ అడగాలి. అన్నీ తేలిపోయి, కలిసే అవకాశం లేదని కనిపిస్తే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మరో చిక్కు ఉంది. కోర్టు విడాకుల డిక్రీ వచ్చేదాకా ఎవరైనా "నాకు ఇష్టం లేదు" అని వెనక్కి తగ్గవచ్చని 1991 నాటి తీర్పు. అందుకే డబ్బంతా ముందే ఇవ్వడానికి అతనికి భయం, అంతా చివర తీసుకోవడానికి ఆమెకు భయం. విడతలు పుట్టింది అక్కడే: సంతకాల నాడు కొంత, మొదటిసారి కోర్టులో నిలబడినప్పుడు కొంత, చివరిది డిక్రీ రోజు జడ్జిగారి ముందు డీడీ రూపంలో. 498 కేసు స్టేషన్‌లో చెబితే చిరిగిపోయే కాగితం కాదు, దానికీ మళ్లీ కోర్టుకే వెళ్లాలి. 2024 జూలై నుంచి కొత్త భారతీయ న్యాయ సంహితలో దాని నంబరు మారింది గాని, మా దగ్గర ఇంకా అందరూ 498 అనే అంటారు.

తారీఖుల దగ్గర నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. సామాను అప్పగింతకు ఒకసారి కోర్టు క్యాలెండరు చూసి తేదీ వేశాను. ఆ రోజు నేను, ఇద్దరు వకీళ్లు, ఒక తూకం మిషనుతో కంసాలి, పదకొండింటిదాకా ఎదురుచూశాము. ఎవరూ రాలేదు. ఫోను చేస్తే ఆమె తండ్రి, "అమావాస్య నాడు ఇంట్లోకి బంగారం ఎట్లా తెచ్చుకుంటాము మేడమ్?" అన్నాడు. అతని తల్లికి చేస్తే, ఆమె చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరుడి దర్శనానికి వరుసలో ఉంది. "అమావాస్య నాడు ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా?" అని ఆమె ఎదురడిగింది. ఏడాదిన్నరలో రెండు కుటుంబాలకూ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే. ఇప్పుడు నా కుర్చీ వెనక తిథులున్న గోడ క్యాలెండరు ఉంటుంది. తోటి వకీళ్లు నవ్వుతారు, నవ్వనీ.

బిందె దగ్గరికి వస్తాను. ఇద్దరూ గోడలకేసి చూస్తుంటే నేను ఊరుకున్నాను. చాలాసేపు ఊరుకున్నాను, నాకది తేలిక కాదు. తరువాత విడివిడిగా పిలిచాను. ఆ బిందె ఎందుకు కావాలని ఆమెను అడిగాను. చెప్పలేదు. చెప్పనవసరం లేదని నాకూ అనిపించింది. "సరే అమ్మా, అది నీ దగ్గరికి ఎట్లా రావాలి?" అన్నాను. "నేను మాత్రం వాళ్ల గడప తొక్కను. మా అన్నలను పంపిస్తాను" అంది.

అతన్ని పిలిచి అదే ప్రశ్న తిప్పి వేశాను. "బిందె ఇస్తే మీ ఇంట్లో ఏమవుతుంది?" కాసేపు చేతులు నలుపుకున్నాడు. "బిందె పోతే పోయింది మేడమ్. వాళ్ల అన్నలు బండి వేసుకుని వచ్చి మా వాకిట్లో నుంచి ఎత్తుకుపోతుంటే వాడకట్టు అంతా చూస్తుంది. మా అమ్మ రేపు నీళ్లకు ఎట్లా పోతుంది?"

ఆమెకు గడప, అతనికి వాకిలి. బిందె మీద తగాదా అసలు లేనే లేదు. గంట పది నిమిషాలు అయ్యాక గాని నాకు ఆ సంగతి తెలియలేదు. అతన్ని చెట్టు కిందికి పంపి వాళ్ల అమ్మతో మాట్లాడి రమ్మన్నాను. కిటికీలోంచి చూస్తే కొడుకు చెబుతున్నాడు, ఆమె వింటోంది, మధ్యలో ఒకసారి తల కొట్టుకుంది. తిరిగి వచ్చి, "ఎవరూ రావద్దట. తనే తెస్తుందట" అన్నాడు.

అప్పగింత రోజు దశమి, నేను చూసే వేశాను. బీరువా, మంచం, మిక్సీ, పరుపులు డీసీఎం బండిలో వచ్చాయి. ఆ పెద్దామె మాత్రం బస్సులో వచ్చింది, ఒడిలో బిందె. చింతపండు పెట్టి తోమినట్టుంది, ఎండకు చూపు నిలవలేదు. మూతి చుట్టూ అక్షరాలు కొత్తగా కొట్టించినట్టు కనిపిస్తున్నాయి. ఆమె దాన్ని నా బల్ల మీద పెట్టబోయి, ఆగి, కోడలి ముందు పెట్టింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. అమ్మాయి వంగి లోపలికి చూసింది.

నేను జాబితాలో పద్నాలుగో అంశం ఎదురుగా "ముట్టినది" అని రాసి, సంతకానికి కాగితం ఆమె వైపు తిప్పాను.